కొండకు వీపు పెట్టిన వేడినీళ్ళు

"సార్, నీళ్ళు కాగేది పెద్ద పని కాదు. కాగిన నీళ్ళు మీ ముందర గదికి యాడ నుంచి పోవాల, అది చెప్పండి ముందు."

మిద్దె మీద పిట్టగోడకు ఆనుకుని ప్లంబర్ అడిగిన ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. సోలార్ హీటర్ అంటే అంగట్లో డబ్బు కడితే వాళ్ళే ఆటోలో వేసుకొచ్చి, పైన బిగించి, సాయంత్రానికి కొళాయి తిప్పి చూపించి పోతారని నేననుకున్నాను. 2024 సంక్రాంతి అయిన వారానికి మొదలుపెట్టిన పని శివరాత్రి దగ్గర పడేదాకా సాగింది.

మాది తిరుపతిలో పాత ఇల్లు. తాత కట్టించింది 1956లో. ముందర మూడు గదులు మద్రాస్ టెర్రస్ మిద్దె. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన నిలబెట్టి పేర్చిన చిన్న ఇటుకలు, సున్నం గచ్చు. గోడలు మూరెడు మందం, అవీ సున్నంతో కట్టినవే. వెనక భాగం 1993లో వానకు కూలితే నాయన దాన్ని కాంక్రీటు స్లాబుతో మళ్ళీ కట్టించాడు. వంటిల్లు, సామాన్ల గది, స్నానాల గది అన్నీ ఆ దక్షిణపు వరసలోనే ఉంటాయి. వాకిలి ఉత్తరానికి, అంటే కొండకు ఎదురుగా. అమ్మ రాత్రిపూట వెనక్కి నడవలేకపోతోందని 2009లో ముందర గదికి ఆనించి ఇంకో స్నానాల గది కట్టాం. దాంట్లో చల్లనీళ్ళ కొళాయి మాత్రమే పెట్టించాం.

వేడినీళ్ళంటే మా ఇంట్లో వెనక వసారాలోని రాగి బాయిలరే. మా వైపు వాళ్ళకు దాన్ని గురించి చెప్పనక్కర్లేదు గానీ చూడనివాళ్ళ కోసం చెబుతాను. నిలువుగా ఉండే రాగి అండా, దాని నడుమ ఒక గొట్టం. గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. పైనున్న గరాటు మూతిలో ఒక చెంబు చల్లనీళ్ళు పోస్తే పక్కనున్న కొళాయిలోంచి చెంబెడు వేడినీళ్ళు బయటికొస్తాయి. పోసినంతే వస్తుంది, ఒక్క చుక్క ఎక్కువ రాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. టెంకాయ చిప్పలు, పీచు, మామిడి చితుకులు, ఏది దొరికితే అది అమ్మ దాంట్లో వేసేది. రాగి మీద చింతపండు రుద్ది మెరిపించడం ఆమెకు శుక్రవారం పని.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వానల్లో, వెనక నుంచి ముందర గదికి వేడినీళ్ళ బకెట్టు మోసుకెళ్తూ తడి బండ మీద అమ్మ జారింది. మణికట్టు విరిగింది. ఇంట్లో అంతమంది ఉండగా డెబ్బై ఆరేళ్ళ మనిషి బకెట్టు ఎందుకు మోసిందని మీరడగొచ్చు. నేనూ అదే అడిగాను. "మీరు లేచేదాకా నేను నీళ్ళు పోసుకోకుండా కూర్చోవాల్నా?" అంది. కట్టు విప్పేలోగా ముందర గదికి వేడినీళ్ళ కొళాయి పెట్టిస్తానని ఆ రోజే మాటిచ్చేశాను.

గీజరు పెట్టుకుంటే తీరిపోయేది కదా అని అందరూ అన్నారు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి నేనూ అదే చెబుతాను. ఇరవై అయిదు లీటర్ల గీజరు, దానికి విడిగా ఒక మందపాటి వైరు, మంచి ఎర్తింగు ఉంటే చాలు. మాకు రెండు చిక్కులు. ఒకటి, ముందర గదుల్లో వైరింగు చెక్క పట్టీల కాలం నాటిది. రెండోది తిరుపతి. ఈ ఊళ్ళో సొంత ఇల్లున్నవాడికి చుట్టాల కొదవ ఉండదు. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలకు, వైకుంఠ ఏకాదశికి, మనవడి పుట్టెంట్రుకలకు తొమ్మిది మంది దిగుతారు. తెల్లారి దర్శనమని రాత్రి రెండింటికే లేచి తలస్నానాలు మొదలుపెడతారు. ఒకరు చేసి వచ్చాక గీజరు మళ్ళీ కాగేదాకా ఇంకొకరు తువ్వాలు భుజానేసుకుని వసారాలో నిలబడాలి. ఆ చలిలో పిల్లలతో అది జరిగే పని కాదు. రాత్రంతా వేడి నిలిచే రెండు వందల లీటర్ల టాంకు పైన ఉంటే ఆ పేచీ ఉండదనిపించింది.

కాగితం మీద లెక్క కూడా వేసుకున్నాను, లెక్కల మాస్టారి బుద్ధి పోదు కాబట్టి. టాంకులో నీళ్ళు 58 డిగ్రీలు, కొళాయి నీళ్ళు 26, ఒంటికి హాయిగా ఉండేది 40. అంటే బకెట్టులో వేడినీళ్ళు నూటికి నలభై నాలుగు పాళ్ళు చాలు. రెండు వందల లీటర్ల వేడినీళ్ళు కలుపుకుంటే నాలుగు వందల యాభై లీటర్లవుతాయి. తలకు రెండు బకెట్లు వేసినా తొమ్మిది మందికి సరిపోతాయి. టాంకులోని రెండు వందల లీటర్లను రోజూ కరెంటుతో ముప్ఫై డిగ్రీలు పెంచాలంటే ఏడు యూనిట్లు కాలాలి.

సరే, సోలారని తేల్చుకున్నాం. అది ఎలా పనిచేస్తుందో తెలియకుండా నేను సంతకం పెట్టననేసరికి అంగడి కుర్రాడు ఓపిగ్గా బొమ్మ గీసి చూపించాడు. పెట్టెలో నల్లరేకులు, వాటికి అతికించిన రాగి గొట్టాలు, పైన గాజు. ఎండకు గొట్టాల్లో నీళ్ళు వేడెక్కి తేలికై పైకి పోతాయి. పైనున్న టాంకులోంచి బరువైన చల్లనీళ్ళు ఆ చోటుకి దిగుతాయి. మోటారు లేకుండా పొద్దంతా ఇలా తిరుగుతూనే ఉంటాయి. అందుకని వేడినీళ్ళ టాంకు అడుగు గాజుపెట్టె పైఅంచుకంటే ఎత్తులో ఉండాలి. ఆ టాంకుకు చల్లనీళ్ళు అందించే తొట్టి దానికంటే ఎత్తులో ఉండాలి. టాంకులోంచి గాలి పోయే గొట్టం ఈ తొట్టిలో నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి. మూడు ఎత్తులు, ఒకదానిపై ఒకటి. ఈ ఒక్క ముక్క మొదటే మనసుకు పట్టి ఉంటే నాకు సగం ఖర్చు మిగిలేది.

ఎత్తు సంగతి ఇలా ఉంటే బరువు సంగతి ఇంకొకటి. రెండు వందల లీటర్లంటే నీళ్ళే రెండు వందల కిలోలు. టాంకు, గాజుపెట్టెలు, ఇనుప కాళ్ళు అదనం. మా పాత మేస్త్రీని పిలిపించాను. డెబ్భై దాటిన మనిషి, నాయన కాలం నుంచీ మా ఇంటి గోడలన్నీ ఎరుగు. కింద గదిలో దూలం గోడలోకి దిగే చోట ఇనుప చువ్వతో తట్టి చూశాడు. చువ్వ జానెడు లోపలికి పోయింది. చెదలు!

"ఈ మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకోండి సామీ, అంతకు మించి ఏం పెట్టబాకండి," అన్నాడు.

ఇక మిగిలింది వెనక కాంక్రీటు స్లాబే. అదీ కిందున్న గోడల తలపైకి కాళ్ళు వచ్చేలా బిగించాలన్నాడు. అమ్మ ఒక వాస్తు ఆయన్ని పిలిపించింది. నిప్పుకు ఆగ్నేయం, బరువుకు నైరుతి అని ఆయన చెప్పి వెళ్ళాడు. మా స్లాబు ఆగ్నేయం నుంచి నైరుతి దాకా ఉంది. అందరూ తృప్తిపడ్డారు. ఖర్చు లేకుండా తెమిలిన పని అదొక్కటే.

ఆ రోజుల్లోనే అమెరికా నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. వాడుండేది మిషిగన్‌లో. కొత్తగా కొన్న ఇల్లు నేలమీద వేసిన కాంక్రీటు పలక మీద కట్టిందట, కింద నేలమాళిగ లేదు. గాలి కొట్టే హీటింగుతో గొంతు ఎండిపోతోంది, వేడినీళ్ళ హీటింగుకు మార్చుకుందామనుకుంటున్నానన్నాడు. అక్కడ వేడినీళ్ళు స్నానానికే కాదు, ఇంటినే వెచ్చబెడతాయి. బాయిలర్లో కాగిన నీళ్ళను పంపు గదిగదికీ తోలుతుంది. గోడ అంచుల్లో పట్టీల్లాంటి రేడియేటర్లలోనో, నేలలో పరిచిన గొట్టాల్లోనో అవి వేడి వదిలి మళ్ళీ బాయిలర్‌కే చేరతాయి. అవే నీళ్ళు, తిరిగి తిరిగి. కింద మాళిగ ఉంటే గొట్టాలన్నీ దాని కప్పుకు వేలాడదీసి పైగదులకు ఎక్కిస్తారు. అది లేనివాడు గోడల వెంట బయటికి కనిపించేలా తిప్పాలి, లేకపోతే అటక మీదుగా పోనివ్వాలి. అటకలో చలికి నీళ్ళు గడ్డకట్టి గొట్టం పగిలితే ఇల్లంతా చెరువే.

"నాకు కింద చోటు లేదన్నా," అన్నాడు.

"నాకు పైన బలం లేదురా," అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత నెలరోజుల పాటు గొట్టాల ఫొటోలు అటూ ఇటూ పంపుకున్నాం. పెళ్ళిళ్ళ తర్వాత మేమంత మాట్లాడుకున్నది అప్పుడే.

గాజుపెట్టెలా, గాజుగొట్టాలా అన్నది ఇంకో తర్జనభర్జన. ఇప్పుడు ఎక్కువమంది పెట్టించుకునేది వరసగా పేర్చిన గాజుగొట్టాల రకం. ధర తక్కువ. బోరునీళ్ళకు అదే మేలంటారు, ఎందుకంటే సన్నటి రాగి గొట్టాల్లో గార పేరుకుంటే నీళ్ళ తిరుగుడు ఆగిపోతుంది. మా బోరు నీళ్ళ సంగతి చెప్పాలంటే, పాలు కాచే గిన్నె తప్ప మిగిలిన బోకులన్నీ తెల్లగా సున్నం కొట్టినట్టుంటాయి. ఆ లెక్కన గాజుగొట్టాలే తీసుకోవాలి. కానీ మా వీధికి కోతులొస్తాయి. కొండ అంచున ఉన్న ఊరికి అది తప్పదు. పక్కవీధిలో ఒకరి మిద్దె మీద రెండు కోతులు పోట్లాడుకుని ఒక గాజుగొట్టం పగలగొట్టాయి. ఒక్కటి పగిలితే చాలు, టాంకులో నీళ్ళన్నీ దాంట్లోంచి కారిపోతాయి. కోతికి భయపడాలా, గారకు భయపడాలా? మా ఇంటామె తేల్చింది. "గార మన చేతిలో పని. కోతి మన మాట వింటుందా?"

నిజమే. మాకు మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. కళ్యాణి డ్యాము నీళ్ళో, తెలుగుగంగ నీళ్ళో, ఏవైనా బోరుకంటే తియ్యనే. అవి నేల సంపులో పడతాయి. బోరు నీళ్ళు వేరే గొట్టంలో నేరుగా వెయ్యి లీటర్ల పెద్ద తొట్టిలోకి పోతాయి. సోలారుకు సంపు నీళ్ళు మాత్రమే వెళ్ళేలా చేస్తే రాగి గొట్టాలకు ముప్పు తగ్గుతుంది. గట్టి గాజు, రాగి రేకులు, ఐఎస్ఐ గుర్తు ఉన్న రెండు పెట్టెల సెట్టు తీసుకున్నాం. యాభై రెండు వేలైంది.

ఈ మధ్యలో ఎదురింటాయన వచ్చి, "డెబ్భై ఎనిమిది వేలు సబ్సిడీ వస్తుందంట గదా, నీకు మిగులే," అన్నాడు. అప్పుడే కేంద్రం సూర్యఘర్ పథకం ప్రకటించిన రోజులవి. అది కరెంటు పుట్టించే పలకలకు. నీళ్ళు కాచే పెట్టెకు అందులో పైసా రాదు. ఈ తేడా నేను వీధిలో కనీసం పదిమందికి చెప్పుంటాను, చివరికి మా బావమరిదికి రెండుసార్లు.

ఎత్తుల లెక్క మళ్ళీ. గాజుపెట్టె పొడవు రెండు మీటర్లు. మన ఊరు 13 డిగ్రీల పైచిలుకు అక్షాంశంలో ఉంది. చలికాలపు ఎండ వాలుగా పడుతుంది కాబట్టి దానికి ఇంకో పదిహేను కలిపి, దక్షిణానికి తిప్పి, దాదాపు ఇరవై ఎనిమిది డిగ్రీల వాలులో పెడతారు. అంటే పెట్టె పైఅంచు తన కిందిఅంచుకంటే మూడడుగులు లేస్తుంది. కింద కాళ్ళు, పైన టాంకు అన్నీ కలిపి ఆరడుగులు దాటింది. మా వెయ్యి లీటర్ల తొట్టి ఉన్నది మూడడుగుల దిమ్మెల మీద. దాన్ని ఎనిమిదడుగులకు ఎత్తాలంటే టన్ను బరువు గాల్లో నిలబెట్టాలి. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ప్లంబరే ఒక దారి చెప్పాడు, ఆ ఒక్క మాటకు అతని మిగతా తప్పులన్నీ మన్నించాను. ఏడున్నర అడుగుల ఇనుప స్టాండు మీద మూడు వందల లీటర్ల చిన్న తొట్టి పెట్టాలి. సంపు మోటారు గొట్టం నేరుగా దాంట్లోకి ఎక్కాలి. చిన్నది నిండి పొర్లే నీళ్ళు కిందున్న పెద్ద తొట్టిలో పడాలి. మోటారు వేసినప్పుడల్లా ముందు చిన్నది, తర్వాత పెద్దది వాటంతట అవే నిండుతాయి.

గాజుపెట్టెలు బిగించిన రోజు అమ్మను కుర్చీలో మిద్దె మీదికి ఎక్కించాం. చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. దక్షిణానికి తిప్పిన పెట్టెలు కదా, వెనక ఉత్తరాన ఏడుకొండలు. "అదేందిరా, సామి కొండకి వీపు పెట్టి కూర్చుండాది!" అంది. సూర్యుడు అటువైపే ఉంటాడమ్మా అన్నాను. "ఆయనా సామే కదా, పోనీలే" అని దిగిపోయింది.

ఇప్పుడు గొట్టాల కథ. టాంకు దక్షిణాన, అమ్మ గది ఉత్తరాన, నడుమ నలభై అడుగులు. సున్నం గోడల్లో గాడి కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. మొదటిరోజు ఒక జానెడు కొట్టి చూసి ఆపేశాం. ఇంటిలోపల కప్పు కింద పోనిద్దామంటే దూలాలు అడ్డం. చివరికి మిద్దె మీద పిట్టగోడ వెంట పోనిచ్చి, ఉత్తరపు గోడ బయటి నుంచి కిందికి దింపి, అమ్మ స్నానాల గదిలోకి తెద్దామనుకున్నాం. గొట్టం సీపీవీసీ. మామూలు తెల్ల పీవీసీ వేడినీళ్ళకు పనికిరాదు, మెత్తబడి వంగిపోతుంది. దానిమీద నల్లటి రబ్బరు తొడుగు, దానిపైన ఎండకు చీకిపోకుండా అల్యూమినియం టేపు.

ముప్పావు అంగుళం గొట్టం మీటరు పొడవున పావు లీటరుకు కాస్త ఎక్కువ నీళ్ళు పడతాయి. పన్నెండు మీటర్లంటే మూడు లీటర్లకు కాస్త ఎక్కువ. రాత్రంతా గొట్టంలో ఉండి చల్లారిన ఆ నీళ్ళు పోయాకే వేడివి వస్తాయి. రబ్బరు తొడుగు ఆ చల్లారడాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. అందుకే అమ్మ గదిలో ఒక చిన్న బకెట్టు అదనంగా ఉంటుంది. మొదట వచ్చే చల్లనీళ్ళు దాంట్లో పట్టి తులసికోటకు పోస్తుంది.

మొదటి రాత్రి గాలిగొట్టం దెబ్బ కొట్టింది. ప్లంబరు దగ్గర గొట్టం ముక్క తక్కువైందో, అంత ఎత్తు గొట్టం చూడ్డానికి బాగోదనుకున్నాడో, ఎనిమిదడుగుల దగ్గర కోసేశాడు. చిన్న తొట్టిలో నీటి మట్టం పదడుగులు. తెల్లవారుజామున మున్సిపాలిటీ నీళ్ళొచ్చి మోటారు వేయగానే గాలిగొట్టం ఊటబావిలా పొంగడం మొదలైంది. పొంగి పోయింది ఎక్కడికి? వాలు ఎటుంటే అటు, వడియాలు తప్ప ఏమీ పెట్టొద్దన్న పాత మిద్దె మీదికి. ముందర గదిలో పడుకున్న మా పెద్దమ్మాయి ముఖాన సున్నపు నీళ్ళ చుక్క పడితే లేచి అరిచింది. గొట్టం పొడిగించడానికి పట్టింది పది నిమిషాలు. కప్పు ఆరడానికి పట్టింది ఇరవై రోజులు.

రెండో తప్పు కనిపెట్టడానికి నాలుగు రోజులైంది. వెనక స్నానాల గదిలో చెయ్యి కాలేంత వేడినీళ్ళు. ముందర అమ్మ గదిలో కొళాయి తిప్పితే బుస్సుమని గాలి, రెండు దగ్గులు, నాలుగు చుక్కలు, ఆ తర్వాత ఏమీ లేదు. ప్లంబరు వచ్చి కొళాయికి నోరు పెట్టి ఊదాడు. నీళ్ళొచ్చాయి. మర్నాడు మళ్ళీ అదే. మూడోరోజు నేను గొట్టం వెంట నడుచుకుంటూ పోయాను. ఉత్తరపు పిట్టగోడ దగ్గర గోడకు బొక్క కొట్టడం ఇష్టం లేక గొట్టాన్ని గోడ మీదుగా ఎక్కించి అవతలికి దింపాడు, గుర్రం మీద కాలేసినట్టు. వేడినీళ్ళలోంచి విడిపోయే గాలి అంతా ఆ మూపురంలో చేరి కూర్చుంటోంది. కింది నుంచి వచ్చే నీళ్ళకు దాన్ని తోసే బలం చాలదు. పిట్టగోడ అడుగున బొక్క కొట్టి గొట్టాన్ని సమంగా, వెనక్కి కాస్త ఎత్తుండేలా వేయించాను. ఆ తర్వాత ఈరోజు వరకూ గాలి పట్టలేదు. అదే వారంలో గొట్టం మలుపు దగ్గర ఒక ఎల్బో కూడా పగిలింది. వేడికి గొట్టం సాగుతుంది. పన్నెండు మీటర్ల సీపీవీసీ ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే దాదాపు అంగుళం పొడవు పెరుగుతుంది. క్లాంపులన్నీ బిర్రుగా బిగిస్తే ఆ అంగుళం ఎక్కడికి పోవాలి? నడుమ ఒక వంపు పెట్టి, క్లాంపులు వదులు చేశాం.

మూడోది నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. వెనక స్నానాల గదిలో పిల్లలు షవరు కావాలన్నారు, వేడినీళ్ళూ చల్లనీళ్ళూ కలిపే మిక్సరు కొళాయి పెట్టించాం. వేడినీళ్ళు వచ్చేది పదడుగుల ఎత్తున్న చిన్న తొట్టి బలంతో. చల్లనీళ్ళు వచ్చేది కిందున్న పెద్ద తొట్టి నుంచి. ఒకరోజు పొద్దున మా అల్లుడు మరుగుదొడ్లోంచి బయటికొచ్చి, "మామా, మీ ఇంట్లో ఫ్లష్‌లో కూడా వేడినీళ్ళేనా?" అన్నాడు, కొంచెం గౌరవంగానే. నాకు అర్థం కాలేదు. పైకెక్కి పెద్ద తొట్టిలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది! రాత్రి ఎవరో మిక్సరు రెండు తిప్పుళ్ళూ తెరిచిపెట్టి, షవరు చేతి దగ్గర మాత్రం కట్టేశారు. ఎత్తు నుంచి వచ్చే వేడినీళ్ళు మిక్సరులో అడ్డదారి తీసి చల్లనీళ్ళ గొట్టంలోకి దూరి, దాన్ని ఎదురెక్కి పెద్ద తొట్టిలో పడ్డాయి. ఎండ రోజంతా కాచిన నీళ్ళతో మేము మరుగుదొడ్డి కడుక్కున్నాం. రెండు గదుల్లోనూ స్నానపు చల్లనీళ్ళు కూడా చిన్న తొట్టి నుంచే తీసుకునేలా గొట్టం మార్చాక రెంటి బలమూ సమమైంది. అమ్మ గదిలో మిక్సరు లేదు. వేడికొకటి, చల్లకొకటి కొళాయిలు, బకెట్టు, చెంబు. ఆమెకదే కావాలి, నాకూ అదే నచ్చింది.

మొత్తం ఖర్చు లక్షా ఆరు వేల అయిదు వందలైంది. సెట్టు ధర అందులో సగమే. ముప్ఫై ఒక్క వేలు గొట్టాలకూ వాటి కూలికీ, పద్నాలుగు వేలు స్టాండుకు, మూడున్నర వేలు తొట్టికి, ఆరు వేలు వైరింగుకు. ఎండలేని రోజుల కోసం టాంకులో రెండు కిలోవాట్ల కాయిలు కూడా ఉంది, దాని వైరింగే ఇది. అంగట్లో ధర అడిగి వచ్చి లెక్క వేసుకునేవాళ్ళు ఆ అంకెను రెండింతలు చేసుకోండి. పాత ఇల్లయితే మొహమాటం లేకుండా చేసుకోండి.

అక్టోబరు మొదట్లో, పెరటాసి శనివారానికి మదనపల్లె నుంచి మా వాళ్ళు తొమ్మిది మంది వచ్చారు. నా కాగితం లెక్క అచ్చం దిగబోతోందని సంబరపడ్డాను. రాత్రి రెండున్నరకు ఆరో మనిషి, మా చిన్నత్త, తలకు సీకాయ పట్టించుకుని ఉండగా కొళాయి ఆగిపోయింది. వేడీ లేదు, చల్లా లేదు. తలుపు లోపలి నుంచి కేకలు. నేను టార్చి పట్టుకుని మిద్దె ఎక్కి టాంకు మీటరు చూస్తే నలభై ఆరు డిగ్రీలు. టాంకు నిండా నీళ్ళే. చిన్న తొట్టి మాత్రం ఖాళీ. వెనక నుంచి చల్లనీళ్ళు తోస్తేనే పైనుంచి వేడినీళ్ళు బయటికొస్తాయి. అమ్మ రాగి బాయిలర్‌లో చెంబు పోస్తేనే చెంబు వచ్చేది కదా, అదే. యాభై ఏళ్ళు ఆ బాయిలరు కింద నీళ్ళు పట్టుకున్నవాడికి ఆ సంగతి తోచలేదు. మోటారు వేశాం. రెండున్నరకు మోటారు చప్పుడుకు లేచిన పక్కింటాయన కిటికీలోంచి చూసిన చూపు నేను మర్చిపోలేను. ఇప్పుడు చిన్న తొట్టిలో నీళ్ళు తగ్గితే మోటారు దానంతటదే వేసుకునే ఫ్లోట్ స్విచ్చి పెట్టించాను.

నవంబరు ఆఖరున ఫెంగల్ తుఫాను. మూడురోజులు కొండ కనిపించలేదు. మొదటిరోజు టాంకులో మిగిలిన వేడితో గడిచింది. రెండోరోజు కాయిలు వేశాం. మూడోరోజు కరెంటూ పోయింది. మిషిగన్ వాడు ఆ పూటే ఫోన్ చేశాడు. వాడి ఇంట్లో గోడల వెంట గొట్టాలు వేయడం పూర్తయిందట, బాయిలరును బట్టలుతికే గది మూలన నిలబెట్టారట. బయట మంచు, లోపల వెచ్చగా ఉందన్నాడు. నేను వసారాలో చీకట్లో నిలబడి విన్నాను.

వెనక నుంచి పొగ వాసన వచ్చింది. అమ్మ బాయిలరు మీద కప్పిన గోనెపట్ట తీసి, టెంకాయ చిప్పలు పేర్చి, నిప్పు రాజేసి ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో ఊదుగొట్టం పట్టుకుని.

"బకెట్టు నువ్వు మోయాల," అంది నా వైపు చూడకుండానే.

సంక్రాంతికి ఆ బాయిలరును పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని నేనూ మా ఇంటామె అనుకుని ఉన్నాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పండక్కి పగలగొట్టిన టెంకాయల చిప్పలు ఇప్పుడు వెనక వసారాలో సంచిలో చేరుతున్నాయి.